సెన్సార్ కొత్తదే, రీడింగే తప్పు: ఇంట్లో కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ మార్చిన ఒక కేసు

నేపథ్యం

బండి 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ల ఇంజన్. డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు లేదు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు నీలం దీపం, బాగా వేడెక్కితే ఎర్ర దీపం వెలుగుతాయి. యజమాని రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. ఆయన్ని మాస్టారు అనే రాస్తాను. ఊరు, బండి కంపెనీ, మధ్యలో చేతులు పెట్టిన వర్క్‌షాపుల పేర్లు ఇక్కడ అవసరం లేదు. నేను ఇళ్ళకు వెళ్ళి సెన్సార్లు, వైరింగ్ పనులు చేసే ఆటో ఎలక్ట్రీషియన్‌ని.

కూలెంట్ అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, దాని వేడిని కొలిచేది ఈ సెన్సార్. దీన్ని మార్చడం చిన్న పని. రెండు తీగల కప్లర్ (తీగల్ని సెన్సార్‌కి తగిలించే కనెక్టర్) ఊడదీసి, పాతది విప్పి, కొత్తది బిగిస్తే అయిపోతుంది. అందుకే చాలామంది ఇంట్లోనే చేసుకుంటున్నారు, చేసుకోవచ్చు కూడా. ఈ బండిలో ఆ సెన్సార్ నిజంగానే మార్చాల్సిన దశకు వచ్చింది. మాస్టారు మార్చారు. అయినా కంప్లయింట్ పోలేదు. ఎందుకు పోలేదన్నది ఈ కేసు.

ముందు సెన్సార్ ఎలా పనిచేస్తుందో చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతి లెక్క అర్థం కాదు. దాని లోపల ఉండేది ఒక థర్మిస్టర్. వేడి పెరిగితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఈ బండిలో ఉన్న రకానికి 20 డిగ్రీల దగ్గర 2500 ఓంలు, 50 దగ్గర 830, 80 దగ్గర 320, 100 దగ్గర 190 ఓంల చుట్టుపక్కల ఉంటుంది. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, తన లోపలున్న ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సార్ దగ్గర ఎంత వోల్టేజి మిగిలిందో చూసి ఇంజన్ ఎంత వేడిగా ఉందో లెక్కగడుతుంది. తీగ తెగిపోతే పూర్తి 5 వోల్టులు కనిపిస్తాయి, ఈసీయూ అంకెల్ని చదివే స్కానర్ మైనస్ 40 చూపిస్తుంది. తీగలు రెండూ షార్ట్ అయితే సున్నా, అప్పుడు 130 పైమాటే. పెట్రోలు ఎంత చిమ్మాలి, ఐడ్లింగ్ ఎంత ఉండాలి, రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిప్పాలి అన్నవన్నీ ఈ ఒక్క అంకె మీదే ఆధారపడతాయి.

వచ్చిన సమస్య

మొదట మైలేజీ పడిపోయింది. 16 దాకా ఇచ్చే బండి 12కి దిగింది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే మామూలుగానే స్టార్ట్ అయ్యేది. బజారుకు వెళ్ళి అరగంట ఆపి మళ్ళీ కొడితే మాత్రం చాలాసేపు తిరిగి, నల్ల పొగతో, పెట్రోలు వాసనతో అందుకునేది. సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్ ఎక్కువ. నీలం దీపం ఆరడానికి చాలాసేపు పట్టేది, కొన్నిసార్లు ఆరిన దీపం దారిలో మళ్ళీ వెలిగేది. ఆ తర్వాత చెక్ ఇంజన్ లైట్ పడింది.

మాస్టారి దగ్గర ఈసీయూ కోడ్‌లు చదివే, ఫోనుకు కలిపే చిన్న ఓబీడీ పరికరం ఉంది. అందులో వచ్చిన కోడ్ పీ0116. చాలామంది ఈ కోడ్ చూడగానే ‘కూలెంట్ సెన్సార్ పోయింది’ అనేసుకుంటారు. అది చెప్పేది అంత కాదు. సర్క్యూట్ షార్ట్ అయితే పీ0117, తెగిపోతే పీ0118 వస్తాయి. పీ0116 అంటే రీడింగ్ హద్దుల్లోనే ఉంది గానీ నడక నమ్మేలా లేదని అర్థం. ఇంజన్ ఇంతసేపు తిరిగినా ఇంకా ఇంతేనా వేడి అని ఈసీయూకి అనుమానం వచ్చిందన్నమాట. ఆ అనుమానానికి సెన్సార్ కారణం కావచ్చు, తెరుచుకుని ఉండిపోయిన థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) కావచ్చు, తక్కువైన కూలెంట్ కావచ్చు, తీగ కావచ్చు.

నేను వెళ్ళేలోపు చేసినవి

మాస్టారు వీడియో చూసి సెన్సార్ తెప్పించి పోర్టికోలోనే మార్చారు. చల్లటి ఇంజన్ మీదే చేశారు, ఆ జాగ్రత్త ఆయనకుంది. కొత్త సెన్సార్ మరకి టెఫ్లాన్ టేపు చుట్టి బిగించారు. కారిపోయిన కూలెంట్‌కి బదులు రిజర్వ్ బాటిల్‌లో మాత్రం పోశారు, రేడియేటర్ మూత తీసి చూడలేదు. కోడ్ చెరిపేశారు. కొద్ది రోజులకే లైట్ మళ్ళీ పడింది.

తర్వాత ఒక వర్క్‌షాపులో థర్మోస్టాట్ మార్చారు. పీ0116కి అది అర్థంలేని ఊహేమీ కాదు. కానీ పాతదాన్ని వేడినీళ్ళలో వేసి చూడకుండానే మార్చారు, కూలెంట్ బదులు బోరు నీళ్ళు నింపి పంపారు. ఫలితం లేదు.

సంక్రాంతికి ఊరెళుతుంటే టోల్ గేటు క్యూలో ఇంజన్ బాయిల్ అయింది. బానెట్ కింద నుంచి ఆవిరి, రిజర్వ్ బాటిల్ పొంగి రోడ్డంతా నీళ్ళు. ఎర్ర దీపం మాత్రం వెలగలేదు. దారిలో మెకానిక్ ఒకాయన రేడియేటర్ ఫ్యాన్‌కి బ్యాటరీ నుంచి డైరెక్ట్ తీగ ఇచ్చి, ఒక స్విచ్ పెట్టి పంపాడు. ఆ తీగకి ఫ్యూజు లేదు.

నాకు ఫోన్ చేసినప్పుడు మాస్టారి మాటల్లో కోపం కంటే టెన్షనే ఎక్కువ. “కొత్త సెన్సార్, కొత్త థర్మోస్టాట్. ఇంకేం మిగిలింది బాబూ? హెడ్ దించాలంటున్నారు.”

“దించొద్దు మాస్టారూ. రేపు పొద్దున నేనొచ్చేదాకా తాళం కూడా తిప్పకండి” అన్నాను.

తాళం తిప్పొద్దనడానికి కారణం ఉంది. రాత్రంతా ఆగిన బండిలో కూలెంటూ, లోపలికి వెళ్ళే గాలీ ఒకే వేడిలో ఉంటాయి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా స్కానర్ పెడితే ఆ రెండు సెన్సార్ల అంకెలు దాదాపు కలవాలి. రోజు మొత్తంలో ఖర్చులేకుండా చేయగలిగే మంచి పరీక్ష ఇదొక్కటే. ఒక్కసారి స్టార్ట్ చేస్తే ఆ అవకాశం మర్నాటికి పోతుంది.

మొదటి నిర్ణయం: ఇంజన్ బాగుందా?

సెన్సార్ జోలికి వెళ్ళేముందు, బాయిల్ అయిన ఇంజన్‌కి లోపల దెబ్బ తగిలిందో లేదో తేల్చుకోవాలి. హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయి ఉంటే మిగతా పనంతా వృథా. ఆయిల్ డిప్‌స్టిక్ మీద, ఆయిల్ మూత కింద పాలలాంటి నురగ లేదు. రేడియేటర్‌లో ఆయిల్ తెట్టు లేదు. రేడియేటర్‌లో నీళ్ళు మెడ దాకా లేవు, బాగా కిందికి ఉన్నాయి. అవి నింపి, మూత తీసే ఉంచి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే మొదట కాసిని బుడగలు వచ్చి ఆగిపోయాయి. గాస్కెట్ పోయిన ఇంజన్‌లో బుడగలు ఆగవు, రేస్ ఇస్తే ఇంకా పెరుగుతాయి. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ దగ్గరదగ్గరగా ఉంది. హెడ్ దించే పని లేదని అక్కడే చెప్పేశాను.

ప్లగ్గులు మాత్రం మసిబారి నల్లగా ఉన్నాయి, ఆయిల్ పెట్రోలు వాసన కొడుతోంది. పెట్రోలు ఎక్కువ చిమ్ముతున్నదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రెండో నిర్ణయం: అంకె తప్పా, ఇంజనే చల్లగా ఉందా?

స్టార్ట్ చేయకముందే స్కానర్‌లో చూసిన రీడింగులు: గాలి 27 డిగ్రీలు, కూలెంట్ 21. ఆరు డిగ్రీల తేడా. చాలామంది దీన్ని పట్టించుకోరు. నేను కాగితం మీద రాసి పక్కన పెట్టుకున్నాను.

ఇంజన్ వేడెక్కాక తేడా దాచుకోలేనంత పెరిగింది. స్కానర్ 53 దగ్గర తచ్చాడుతోంది, పై హోస్ పైపు చేత్తో పట్టుకోలేనంత కాలుతోంది. థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే 87. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. మెరిసే అల్యూమినియం మీద ఈ థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది. ముందు నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, దాని మీద గురిపెట్టాలి.

హౌసింగ్ 87 ఉంటే థర్మోస్టాట్ తన పని తాను చేస్తోంది. ఇంజన్ వేడిగానే ఉంది, ఈసీయూకి అందే కబురే తప్పు. పీ0116కి ఉన్న కారణాల్లో సగం అక్కడితో కొట్టుకుపోయాయి.

టోల్ గేటు దగ్గర జరిగింది కూడా ఇప్పుడు అర్థమైంది. ఏసీ వేస్తే ఈ బండిలో ఫ్యాన్ దానంతటది తిరుగుతుంది. ఎండాకాలం, వానాకాలం మాస్టారు ఏసీ ఆపలేదు, అందుకే అన్నాళ్ళూ బయటపడలేదు. సంక్రాంతి చలికి ఏసీ ఆపి అద్దాలు దించారు. హైవే మీద ఎదురుగాలి రేడియేటర్‌ని కాపాడింది. క్యూలో గాలి లేదు, ఫ్యాన్ తిప్పాలంటే ఈసీయూకి 95 దాటినట్టు తెలియాలి, దానికేమో 60 కూడా కనిపించడం లేదు. ఎర్ర దీపం వెలగకపోవడానికీ అదే కారణం. ఈ లోపంలో నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. మైలేజీ తగ్గితే డబ్బు పోతుంది. వేడెక్కిన సంగతి చెప్పాల్సిన దీపం వెలగకపోతే ఇంజనే పోతుంది.

మూడో నిర్ణయం: సెన్సారా, తీగా?

ఇంజన్ వేడిగా ఉండగానే ఆపి, కప్లర్ ఊడదీసి, సెన్సార్ పిన్నుల మీదే మీటర్ పెట్టాను. 260 ఓంలు. ఆ రకం సెన్సార్‌కి 87, 88 డిగ్రీల దగ్గర ఉండాల్సింది అంతే. మాస్టారు కొన్న సెన్సార్ బాగానే ఉంది.

“మరి కప్లర్‌లో వోల్టేజి నేనూ చూశానే, 4.98 వచ్చింది. తీగ బాగున్నట్టే కదా” అన్నారాయన. ఫిజిక్స్ చెప్పిన మనిషి కాబట్టి ఒక్క మాటతో సరిపోయింది: మీటర్ లోపలి రెసిస్టెన్స్ 10 మెగాఓంలు. దాని గుండా పారే కరెంటు దాదాపు సున్నా. తీగలో 500 ఓంల అడ్డం ఉన్నా, 5000 ఓంల అడ్డం ఉన్నా మీటర్ 5 వోల్టులే చూపిస్తుంది. వోల్టేజి ఉన్నదని తేలింది గానీ, అది బరువు మోయగలదని తేలలేదు. ఇంట్లో పరీక్ష చేసుకునే వాళ్ళలో ఎక్కువమంది ఆగిపోయేది ఈ 5 వోల్టుల దగ్గరే.

అందుకే తర్వాత చేసింది షార్ట్ పరీక్ష. కీ ఆన్‌లో పెట్టి, కప్లర్‌లోని రెండు టెర్మినల్స్‌నీ సన్నటి తీగతో కలిపాను. ఇది సెన్సార్ తీగలు రెంటికీ మాత్రమే చేయాలి, పక్కనున్న మరే కప్లర్‌కీ చేయకూడదు. స్కానర్ 130 దాటాలి. 66 దగ్గర ఆగిపోయింది. తీగని కదిపితే 61, మళ్ళీ 70. సెన్సార్ అసలు సర్క్యూట్‌లోనే లేదు, అయినా ఈసీయూకి ఎక్కడో 500 ఓంలు కనిపిస్తున్నాయి.

ఆ 500 ఓంలు పెట్టి లెక్క వేస్తే పొద్దున రాసుకున్న అంకెలూ కలిశాయి. 27 డిగ్రీల దగ్గర సెన్సార్ దాదాపు 1900 ఓంలు. దానికి 500 కలిపితే 2400, అంటే 21 డిగ్రీలు. 88 దగ్గర 260కి 500 కలిపితే 760, అంటే 53. పెద్ద గుండిగలో గుప్పెడు ఉప్పు ఎక్కువైతే ఎవరికీ తెలియదు, అదే గుప్పెడు చిన్న గిన్నెలో పడితే నోట పెట్టలేం. అడ్డం ఎప్పుడూ అంతే. సెన్సార్ రెసిస్టెన్స్ తగ్గేకొద్దీ దాని దెబ్బ పెరుగుతుంది. పొద్దున స్టార్టింగ్ బాగుండి, వేడి మీద స్టార్టింగ్ చెడిపోవడానికి కారణం కూడా ఇదే. కాబట్టి ఈ సర్క్యూట్‌ని చల్లగా ఉన్నప్పుడు పరీక్షించి ‘బాగుంది’ అనడం సరిపోదు.

అడ్డం ఎక్కడుందో పట్టుకోవడానికి షార్ట్ తీగ అలాగే ఉంచి, ఎర్త్ తీగలో కప్లర్‌కి ఇవతలా అవతలా వోల్టేజి కొలిచాను. రెండు అంగుళాల దూరంలో 0.9 వోల్టులు పడిపోతోంది. బాగున్న తీగలో మిల్లీవోల్టులు ఉండాలి.

కప్లర్ వెనక రబ్బరు సీలు లాగితే విషయం కళ్ళకే కనిపించింది. టెర్మినల్ చుట్టూ పచ్చగా కిలుం. తీగ తొడుగు కోస్తే లోపలి రాగి ఎర్రగా లేదు, బొగ్గులా నల్లగా ఉంది, చేత్తో నలిపితే పొడి అయింది.

పాత సెన్సార్ చెప్పింది

కిలుం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా తీగ మార్చేస్తే కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది. మాస్టారు పాత సెన్సార్‌ని పారేయకుండా డబ్బాలో దాచారు. చాలా మంచి పని. దాన్ని ఒక పాత స్టీలు గిన్నెలో, అడుగు తగలకుండా తీగతో వేలాడదీసి నీళ్ళు కాచాం. థర్మామీటర్ 30 దగ్గర 1700 ఓంలు, 60 దగ్గర 600, తెర్లేటప్పుడు 190. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

కానీ దాని కప్లర్ గూడులో పిన్నుల మొదట్లో గులాబీ రంగు పొడి గట్టిపడి ఉంది. బండిలో మొదట పోసిన కూలెంట్ రంగు అది. బయట షట్కోణం మీద, వాషర్ కూర్చునే చోట ఆ మరకే లేదు. బయట నుంచి చిందితే ముందు అక్కడే ఉండాలి. కాబట్టి కూలెంట్ సెన్సార్ లోపలి నుంచే, పిన్నుల పక్కనున్న సీలు గుండా కొద్దికొద్దిగా ఊరుతూ కప్లర్‌లోకి చేరింది. అక్కడి నుంచి తొడుగు లోపల రాగి పోగుల వెంట పాకింది. ఇంజన్ వేడికి రేడియేటర్ లోపల ప్రెషర్ ఉంటుంది, అది కూలెంట్‌ని బయటికి నెడుతూనే ఉంటుంది.

అంటే పాత సెన్సార్ కొలత సరిగ్గా కొలిచినా, కారడం మొదలయ్యాక మార్చక తప్పదు. మాస్టారి నిర్ణయం సరైనదే. పాడైన సెన్సార్ తన వెనకున్న కప్లర్‌నీ పాడుచేసింది, ఆ కప్లర్‌నే కొత్త సెన్సార్‌కి తగిలించారు. పని సగం దగ్గర ఆగింది.

ఆ గిన్నెను మళ్ళీ వంటకి వాడొద్దని మేడమ్‌గారికి చెప్పి వచ్చాను. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పోర్టికోలో ఒలికిన కూలెంట్‌ని కుక్కలు, పిల్లులు నాకుతాయి. పిల్లలున్న ఇంట్లో, కూలెంట్ పట్టిన ట్రేని ఒక్క నిమిషం కూడా నేల మీద వదలకూడదు.

పనిచేసిన పరిష్కారం

ముందు తీగ. మెరిసే రాగి కనిపించేదాకా కోసుకుంటూ వెళితే జానెడు దాకా పోయింది. రెండో తీగ పైకి బాగున్నట్టే ఉన్నా దాన్నీ అంతే మేర కోశాను. ఒకే కప్లర్‌లో, ఒకే తడిలో ఉన్నది కదా. విజయవాడ ఆటోనగర్‌లో తీగలతో సహా దొరికే కొత్త కప్లర్ తెచ్చాను. కొన్ని వందల్లో అయిపోయే వస్తువు. కిలుం పట్టిన పాత కప్లర్‌ని స్ప్రే కొట్టి, ఉప్పు కాగితంతో గీకి వాడుకోవచ్చు కదా అని అడుగుతారు. టెర్మినల్ పైన మెరుస్తుంది, తీగని నొక్కి పట్టిన క్రింప్ లోపల అలాగే ఉంటుంది. ఈ సర్క్యూట్‌లో పారేది ఒకటి రెండు మిల్లీయాంపుల కరెంటే. అంత చిన్న కరెంటుకి మసకబారిన జాయింటు పెద్ద గోడ.

జాయింట్లు రెండూ పక్కపక్కన రాకుండా ముందూ వెనకా వేశాను. క్రింప్ చేసి, లోపల జిగురుండి, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాను. ఇంజన్ పక్కన వణికే చోట ఒట్టి సోల్డరింగ్ నాకు నమ్మకం లేదు. సోల్డర్ ఆగిన అంచు దగ్గర తీగ బిరుసెక్కి విరుగుతుంది.

తర్వాత సెన్సార్ మళ్ళీ విప్పాల్సి వచ్చింది, ఎందుకంటే టేపు చుట్టిన మర దగ్గర సన్నగా చెమర్చుతోంది. ఈ సెన్సార్‌కి సీలు పడేది కింద ఉండే రాగి వాషర్ వల్ల, మర వల్ల కాదు. టేపు మందం వల్ల వాషర్ సరిగ్గా కూర్చోలేదు. రెండు తీగల సెన్సార్ కాబట్టి టేపు వల్ల రీడింగ్ చెడలేదు. పాత బండ్లలో మీటర్ ముల్లుకి ఒకే తీగ ఉన్న సెన్సార్ ఉంటుంది. దానికి ఎర్త్ మర గుండానే అందాలి. అక్కడ టేపు చుడితే ముల్లే పనిచేయదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీశాం. మూత 0.9 బార్ ప్రెషర్ పట్టి ఉంచేదైతే లోపల నీళ్ళు 118 డిగ్రీల దాకా మరగవు. వేడి మీద మూత తీస్తే ఆ ప్రెషర్ ఒక్కసారి పోయి మొత్తం ఆవిరై మొహం మీదకి వస్తుంది. బోరు నీళ్ళన్నీ వదిలేసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాం. సెన్సార్ గూటి మరల్లో టేపు పీలికలు ఏరి, వాషర్ కొత్తది వేసి, మొదటి చుట్లన్నీ వేళ్ళతోనే తిప్పాను. వేళ్ళకి బిగుసుకుంటే అడ్డమర పడుతున్నట్టే, స్పానర్‌తో నెట్టకూడదు. చివర్లో టార్క్ రెంచ్‌తో సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నంతే. అల్యూమినియం హౌసింగ్ మరలు పోతే ఆ చిన్న పని పెద్ద పనవుతుంది.

కూలెంట్ నింపడానికి మాస్టారింటి గేటు ముందున్న ర్యాంప్ బాగా పనికొచ్చింది. ముందు చక్రాలు పైకి ఉండేలా ఎక్కిస్తే రేడియేటర్ మెడ అన్నిటికంటే ఎత్తులోకి వస్తుంది, గాలి అటే చేరుతుంది. హీటర్ నాబ్ పూర్తి వేడి వైపు తిప్పి, మూత తీసి ఐడ్లింగ్‌లో ఉంచి, ఇంజన్ వేడెక్కేలోపే పై హోస్‌ని మెల్లగా పిసుకుతూ, మట్టం దిగినప్పుడల్లా పోశాం. మాస్టారు మొదటిసారి మార్చినప్పుడు ఈ పని జరగలేదు. థర్మోస్టాట్ హౌసింగ్‌లో గాలి నిలిస్తే సెన్సార్ మొన కూలెంట్‌లో ఉండదు, గాలిలో వేలాడుతుంది. రీడింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, వేడి కూడా సరిగ్గా బయటికి పోదు.

ఫ్యాన్ డైరెక్ట్ తీగ తీసేశాను. మాస్టారు కాస్త తటపటాయించారు. “అది ఉంటే ధైర్యంగా ఉంది బాబూ” అన్నారు. ఆయన భయం పోవాలని ఇంజన్ ఆన్‌లో ఉండగా సెన్సార్ కప్లర్ ఊడదీసి చూపించాను. ఈసీయూ లోపం పసిగట్టి వెంటనే ఫ్యాన్ తిప్పింది. రిలే బాగుంది, మోటార్ బాగుంది, తీగ బాగుంది. పూర్తిగా తెగిన సెన్సార్ నుంచి ఈసీయూ తనను తాను కాపాడుకోగలదు. సగం అబద్ధం చెప్పే సెన్సార్‌నే పట్టుకోలేదు. ఫ్యూజు లేని ఆ డైరెక్ట్ తీగ ఎక్కడైనా ఒరుసుకుంటే బండి అంటుకుంటుందని కూడా చెప్పాను. కోడ్ చెరిపేశాం.

మన వైపు ఎండలకి థర్మోస్టాట్ ఎందుకని తీసి పారేసే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. ఈ బండికీ ఆ సలహా వచ్చింది. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ పనిచేయాల్సిన వేడికి త్వరగా రాదు, ఈసీయూ చల్లటి ఇంజన్ అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఈ బండికి వచ్చిన జబ్బునే చేతులారా తెచ్చుకోవడం అవుతుంది.

ఫలితం

మర్నాడు పొద్దున గాలి 26, కూలెంట్ 26. వేడెక్కాక స్కానర్ 88, నల్ల టేపు మీద 87. నీలం దీపం వీధి చివరికి వెళ్ళేలోపే ఆరింది. ఏసీ ఆపి నిలబెడితే 97 దగ్గర ఫ్యాన్ వచ్చింది, 92 దగ్గర ఆగింది. వేడి మీద సెల్ఫ్ ఒక్క దెబ్బకి అందుకుంది. ఆయిల్, ఫిల్టర్ మార్చాం. పెట్రోలు కలిసిన ఆయిల్ పలచబడి బేరింగుల దగ్గర పొర నిలవదు. అది చూడ్డానికి బాగానే ఉందని వదిలేయకూడదు. ప్లగ్గులు శుభ్రం చేసి అవే వేశాం. ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు మోతాదుకి ఈసీయూ చేసే సవరణ) మొదట మైనస్ 14 శాతం ఉండేది. ఆక్సిజన్ సెన్సార్ ఎక్కువైన పెట్రోలుని తగ్గించడానికి అన్నాళ్ళూ పెనుగులాడింది. కొన్ని రోజులు తిరిగాక అది సున్నా చుట్టుపక్కలకి వచ్చింది.

ఇంట్లో చేసుకునేవారికి

కొత్త సెన్సార్ పెట్టెలోంచి తీసేముందే పాత కప్లర్‌లోకి టార్చి వేసి చూడండి. పచ్చగా గానీ, తడిగా గానీ, రంగు పొడి గానీ కనిపిస్తే సెన్సార్‌తో పాటు కప్లర్ కూడా కొనాలి. మార్చాక ‘లైట్ ఆరింది’ అనేదాన్ని నమ్మొద్దు, చెరిపేస్తే ఏ లైటైనా ఆరుతుంది. చూడాల్సినవి రెండే: పొద్దున చల్లటి ఇంజన్ మీద గాలి, కూలెంట్ అంకెలు కలిశాయా, ఏసీ లేకుండా నిలబెట్టినప్పుడు ఫ్యాన్ దానంతటది వచ్చిందా. రెండోది చూడకుండా బండిని దూరప్రయాణానికి తీయకండి.

ముల్లు లేని బండి నడిపేవాళ్ళు నీలం దీపం ఎప్పుడు ఆరుతోందో రోజూ ఒక కన్నేసి ఉంచాలి. ఆరిన దీపం దారిలో మళ్ళీ వెలిగిందంటే అది ‘చల్లగా ఉంది, పర్లేదు’ అనే కబురు కాదు. ఫోన్ చేసినవాళ్ళని నేనిప్పుడు కోడ్ కంటే ముందు దాని గురించే అడుగుతున్నాను.

ఎండాకాలం మొదలయ్యాక మళ్ళీ వెళ్ళి చూశాను. కప్లర్ విప్పితే లోపల పొడిగా ఉంది, కూలెంట్ మట్టం దిగలేదు, మైలేజీ 16కి చేరింది. సైలెన్సర్ పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ సంగతి ఇంకా తేలాలి. అన్ని నెలలు ఎక్కువ పెట్రోలు మింగిన కన్వర్టర్‌కి లోపల ఎంత దెబ్బ తగిలిందో పైకి కనబడదు. వెనక ఆక్సిజన్ సెన్సార్ గీత ప్రస్తుతానికి నిలకడగానే ఉంది. ముందు సెన్సార్‌లాగా అదీ పైకీ కిందకీ ఊగడం మొదలుపెడితే కన్వర్టర్ అలసిపోతున్నట్టు. వచ్చే సర్వీసులో ఆ గీతని రికార్డు చేసి, ఇప్పటిదానితో పక్కపక్కన పెట్టి చూడాలి.